చంపితే లేచే ప్రాసెస్

గూఢచారి తౌఫిక్ శవం పొద్దున్నే అల్జీరియాలోని ఒరాన్ రేవులో తేలింది. మధ్యాహ్నానికల్లా ఏజెంట్ లొత్ఫీ కల్నల్ బూజెమా ఎదుట నిలబడి ఉన్నాడు.

"పోయేముందు ఒక్క మెసేజ్ పంపాడు," అన్నాడు కల్నల్. "మన గ్యాస్ కంట్రోల్ రూమ్ కంప్యూటర్లో విదేశీ ముఠా ఒక ప్రోగ్రాం పడుకోబెట్టింది. ఇఫ్తార్ వేళ లేచి, పొయ్యిలు పేలిపోయేంతగా లైన్లో ప్రెషర్ పెంచేస్తుంది. స్టాఫంతా భోజనాల దగ్గర ఉంటారు. ఊళ్ళో వెలగని పొయ్యి ఒక్కటుంటుందా ఆ టైములో?"

లొత్ఫీ కూతురు నిహాల్‌కి ఇవాళ మొట్టమొదటి రోజా ఉపవాసం. నానమ్మ ఆచారం ప్రకారం షర్బత్ గ్లాసులో వెండి ఉంగరం వేసి, వంటింట్లో పొయ్యి పక్కనే కూర్చోబెట్టి తాగిస్తుంది. ఇంటికి ఫోన్ చేయాలని ప్రాణం కొట్టుకుంది. కానీ కబురు బయటికి పొక్కితే ముఠా ఇప్పుడే మీట నొక్కేస్తుంది.

"ఇంకో మాట. ఇనెస్ అని ఒకావిడ, వాళ్ళకీ మనకీ పనిచేస్తుంది. తౌఫిక్‌ని అమ్మింది ఆవిడేనేమో. నమ్మకు." కల్నల్ ఆమె ఫొటో ముందుకు తోశాడు.

సాయంత్రం ఏసీ మెకానిక్ వేషంలో లొత్ఫీ కంట్రోల్ రూమ్‌లో కీబోర్డు ముందు కూర్చున్నాడు. కంప్యూటర్లో నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా తెరిచి ఒక్కొక్కటే వడగట్టాడు. ప్రింటర్ పేరు పెట్టుకుని ఒకటి గుట్టుగా నిద్రపోతోంది. ఆ గదిలో ప్రింటరే లేదు.

కిల్ కమాండ్ కొట్టాడు. పోయింది. మరుక్షణం కొత్త నంబరుతో మళ్ళీ ప్రత్యక్షం! దానికి కాపలాగా ఇంకొకటుంది. ఆ కాపలాదాన్ని చంపితే ఇది దాన్ని లేపింది.

"మెషీనే ఆపేద్దామా?" అన్నాడు.

"ఆపితే వాల్వులన్నీ బార్లా తెరుచుకుంటాయి తమ్ముడూ," అన్నాడు షిఫ్ట్ ఇన్‌చార్జి హువారీ నుదురు తుడుచుకుంటూ. "చేత్తో మూయొచ్చుగానీ, అది మళ్ళీ తెరిచేస్తుంది. కానీ ఇఫ్తార్‌కి ఇంకా టైముందిలే."

అప్పుడే గోడ మీది టీవీలో అజాన్ వినిపించింది. అది తూర్పున ఉన్న రాజధాని అల్జీర్స్ అజాన్. ఒరాన్‌లో పొద్దు గుంకడానికి ఇంకా పావుగంట ఉంది. అయినా జాబితాలో నిద్రపోతున్నది లేచి పరుగందుకుంది. ప్రెషర్ ముల్లు కదిలింది.

లొత్ఫీ చంపాడు, లేచింది. మళ్ళీ చంపాడు, మళ్ళీ లేచింది.

"చంపకు! నిద్రపుచ్చు!"

గుమ్మంలో ఇనెస్. నల్లకళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, చేతులు రెండూ పైకి. లొత్ఫీ పిస్టల్ గురిపెట్టాడు.

"కాపలాదానికి చావే కనిపిస్తుంది, నిద్ర కనిపించదు. స్టాప్ సిగ్నల్ పంపు. నన్ను తర్వాత కాల్చుకో!"

ముల్లు ఎర్రగీత అంచుకు చేరింది. నమ్మితే నిహాల్ ప్రాణం ఈవిడ చేతిలో. నమ్మకపోయినా దక్కదు. ఎడంచేత్తో స్టాప్ కొట్టాడు.

ప్రాసెస్ చచ్చిపోలేదు, కదల్లేదు. కాపలాది కిక్కురుమనలేదు. ముల్లు గీత మీదే ఆగిపోయింది.

"వాల్వు!" అంటూ హువారీ, ఇంకా భోజనాలకు లేవని అతని మనుషులు చక్రం మీద పడ్డారు. ముల్లు నెమ్మదిగా దిగింది.

"ముందే లేచిందేం?" లొత్ఫీకి ఇంకా ఆయాసం తీరలేదు.

"ముఠావాళ్ళు ఇఫ్తార్ టైము నన్నే అడిగారు. టీవీలో వచ్చేదే చెప్పాను." ఇనెస్ కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఏడ్చి వాచి ఉన్నాయి. "నేను ఈ ఊరి పిల్లని, తెలీదా నాకు? ఇక్కడి టైము చెప్పుంటే ఈ గదిలో వాల్వు తిప్పే మనిషే ఉండడు. తౌఫిక్‌ని నేను అమ్మలేదు లొత్ఫీ. నా పేరు చెప్పకుండా చచ్చిపోయాడు."

లొత్ఫీ పిస్టల్ దించాడు. ఆమె పక్కకు తిరిగి నిలబడింది.

ఒరాన్‌లో ఇఫ్తార్ ఫిరంగి మోగింది. హువారీ ఖర్జూరాలు పంచాడు, ఇనెస్‌కి రెండు ఎక్కువే పెట్టాడు. లొత్ఫీ ఇంటికి ఫోన్ చేశాడు.

"నాన్నా, ఉంగరం దొరికింది!" అంది నిహాల్. "నువ్వే దొరకలేదు. ఏం చేస్తున్నావ్?"

"ఒకణ్ణి నిద్రపుచ్చుతున్నానమ్మా."

"నన్నెప్పుడైనా నిద్రపుచ్చావా?"