గోడ దూకిన కోళ్లు

"ఏమప్పా, ఎవురిదీ కోడి?"

నీలకంఠం కేక పెరటి గోడ దాటింది. 1956 వానాకాలం అది. ఎమ్మిగనూరు అంచున, నేతగాళ్ల ఇళ్ల వెనక ఉన్న పాత ఇంట్లోకి కూలి పని చేసే యేసేపు, అతని కూతురు మేరి వచ్చి మూడు రోజులే అయింది. వాళ్లతో వచ్చిన పన్నెండు కోళ్లలో ఒకటి గోడ దూకి, నీలకంఠం తన మగ్గం కోసం ఆరేసిన పడుగు దారాల్లో, ఆ నిలువు పోగుల్లో, చిక్కుకుంది.

గోడ మీద మేరి తల కనిపించింది. "మాదేప్పా. బెదిరిస్తే ఇంకా సిక్కుపడతాది."

"ఎన్ని దారాలు తెంపిందో సూడు. దీనికి కండ్లు లేవా?"

"కండ్లుండాయి. సదువే రాదు. రావద్దని గోడ మీద రాసి పెట్టినా లాభం లేదు."

నీలకంఠానికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. మేరి వచ్చి కోడిని విడిపించి, తెగిన దారాలు ముడివేస్తూ పొద్దుగూకే దాకా కూర్చుంది.

ఆ తర్వాత అతనికి రోజూ ఏదో ఒక సాకు.

"మీ నల్లకోడి మా పెరట్లో ఉండాది, మేరీ."

"నల్లకోడి నా కాళ్లకాడే ఉండాది. అబద్ధం ఆడేది కూడా నేర్పల్లనా నీకు?"

అతని తల్లి అంబమ్మకు గుడ్డు వాసన పడదు. పైగా మేరి వాళ్లు క్రైస్తవులు. "వాళ్లతో నీకేం మాటల్రా?" అనేది.

ఒకరోజు ముసురులో గోనెసంచి నెత్తిన వేసుకుని నిలబడి, మేరి చెప్పింది: "ఇవి మాయమ్మ పెంచినవి. పోయిన ఏడు సచ్చిపోయింది. నాకు ఏడుపు రాలేదు. కోళ్లకు నూకలెయ్యల్ల గదా అనుకున్యా."

నీలకంఠం ఆరోజు ఏ హాస్యమూ ఆడలేదు.

మరుసటేడు ఎండలు ముదిరాక కోళ్లకు తెగులు తగిలింది. రెక్కలు వాల్చి, మెడలు మెలితిప్పుకుని ఒక్కొక్కటే పడిపోసాగాయి. నీలకంఠం మగ్గం వదిలి, సైకిల్ మీద ఆదోని పోయి పశువుల డాక్టర్‌ను కలిశాడు. సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చాడు.

"మందు తెచ్చినావా?" మేరి గోడ దగ్గరే నిలబడి ఉంది.

"లేదు. జబ్బు రాకముందే సూది వెయ్యల్లంట. వచ్చినాక ఏమీ సెయ్యలేమన్యాడు."

"పొద్దున్నించీ కాసుకోనుండా. ఉత్త సేతుల్తో వచ్చినావా?"

వారంలో పన్నెండూ పోయాయి. చివరిదాన్ని పూడ్చి, మేరి ఆ మట్టి మీదే కూలబడి ఏడ్చింది. కోళ్ల కోసమే కాదు ఆ ఏడుపు. నీలకంఠం గోడ దూకి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మేరీ, నిన్ను పెండ్లి సేసుకుంటా."

"ఇప్పుడా సెప్పేది?" అంది కన్నీళ్లలోనే. "మాయప్ప కూలికి ఆలూరు పోదామంటాండాడు. మీయమ్మ నన్ను గడప తొక్కనిస్తాదా?"

అతను లేచాడు. ఇంటికి పోయి తల్లిని అడిగాడు. "నేను బతికుండంగా కాదు," అంది అంబమ్మ. ఆ తర్వాత నాలుగు రోజులు నీలకంఠం మగ్గం ముట్టలేదు.

అయిదో రోజు పొద్దున్నే యేసేపు బండికి సామాన్లు ఎక్కించాడు. నీలకంఠం చేతిలో గుడ్డల మూటతో వచ్చి నిలబడ్డాడు.

"నేనూ వస్తాండా."

మేరి ఆ మూటను అతని వైపే వెనక్కి తోసింది. "వద్దు, వెనక్కి పో."

"నేనంటే ఇష్టం లేదా?"

"ఉండాది. శానా ఉండాది. అమ్మ లేని ఇల్లు ఎట్లుంటాదో నాకు తెలుసు. నీ సేతుల్తో మీయమ్మకు కొడుకు లేని ఇల్లు సేసి రావద్దు. అట్లొస్తే నాకొద్దు."

గోడ పక్క సందులో అంబమ్మ నిలబడి ఉంది. కొడుకును వెనక్కి పిలవడానికి వచ్చిన మనిషి, ఆ మాట విని అక్కడే ఆగిపోయింది. మేరి బండెక్కుతుంటే, కొంగుతో ముఖం తుడుచుకుని సందులోంచి బయటికి నడిచి వచ్చింది.

"యేసేపూ, మూటలు దింపు."

యేసేపు అర్థంకాక చూశాడు. "ఏంటికమ్మా?"

"పెండ్లి గుళ్లోనా, చర్చిలోనా అని ఇప్పుడే అడగొద్దు. నాకింకా మనసు కుదర్లేదు. కుదరడానికి ఎన్నాళ్లు పడతాదో కూడా తెలీదు." అంబమ్మ బండి చక్రం మీద చెయ్యి వేసింది. "అంతదంకా ఈ పిల్లను యాడికీ తీస్కపోవద్దు."

నీలకంఠం చెయ్యి చాచాడు. మేరి ఆ చెయ్యి పట్టుకోలేదు. ముందు అంబమ్మ ముఖం చూసింది. అంబమ్మ తలవంచుకుని, మెల్లగా పక్కకు జరిగి దారి ఇచ్చింది.

అప్పుడు మేరి బండి దిగింది.