నరకకూడని చెట్లు

నెనితా తెల్లవారగానే కత్తి పట్టుకెళ్లి, తోట చివర జబ్బుపడ్డ బొప్పాయి చెట్లన్నీ నరికేసింది. ఆకులు ముడుచుకుని, కాయల మీద వలయాలు కనిపిస్తే జబ్బు పక్క చెట్లకు పాకకుండా హవాయిలో ఏ రైతైనా చేసే పనే అది. కొన్నేళ్లుగా ఆమెకు నరకడం తప్ప వేరే సేద్యమే లేదు.

వానలో తడుస్తూ వచ్చిన రాయ్ హిగా ఆ మోడుల ముందు నిలబడిపోయాడు. అతను యూనివర్సిటీ కుర్రాడు. నెనితా తండ్రి మార్సెలో దగ్గర ఆ చివరి నేలచెక్క కౌలుకు తీసుకుని కొత్తరకం మొక్కలు పరీక్షిస్తున్నాడు.

“ఎవరు నరికారు?”

“నేనే. థాంక్స్ చెప్పక్కర్లేదు.”

“అవి జబ్బు పడాలనే పెట్టాను.”

“జబ్బు కోసం ఎవరైనా చెట్లు పెంచుతారా?”

“పక్కన మామూలు చెట్టు చస్తేనే కదా, నా చెట్టు బతికిందని తెలిసేది. ఈ జబ్బు తెచ్చే వైరస్‌లోంచే చిన్న ముక్క తీసి నా మొక్కల్లో పెట్టాం, దాన్ని తట్టుకోవాలని.”

“దొంగ చొక్కా వాకిట్లో ఆరేసినంత మాత్రాన దొంగ రాకుండా పోతాడా?”

అతను నవ్వబోయి, ఓపిక లేక మానేశాడు. “మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. ఇంకో ఏడాది.”

నాన్న ఏడాది ఆగడు. ఇదీ తేలకపోతే తోట వదిలేసి కోనాలో హోటల్ పనికి పోదామని చెప్పేశాడు. నెనితాకు ఏడుపొచ్చింది. అతను తిట్టినా బాగుండేది.

“పక్కన మా చెట్లున్నాయిగా,” అంది చివరికి. “వాటిని నరకను. చావనీ. చూసుకోండి.”

నరకడం కంటే నరక్కుండా చూస్తూ ఉండటమే కష్టమైంది. తండ్రి చెట్లు పసుపెక్కి బోడివైపోయాయి. రాయ్ వచ్చినప్పుడల్లా ఆమె చేతిలోంచి కత్తి లాక్కుని తన ట్రక్కులో పడేసేవాడు. ఆ లాక్కోవడం కోసమే ఆమె కత్తి తీసుకెళుతోందని మార్సెలోకు ముందే అర్థమైంది.

చివరికి గట్టుకు ఇటు ఎండిన మోడులు, అటు విరగకాసిన పచ్చటి చెట్లు. ప్రభుత్వ అనుమతి ఇంకా రాలేదు, ఆ పండ్లు తినకూడదు, పాతిపెట్టాలి. ఇద్దరూ అలసిపోయేదాకా గొయ్యి తవ్వారు.

“ఒక్క ముక్క కూడా వద్దా?”

“వద్దు. అనుమతి వచ్చాక మొదటి పండు మీ ఇంట్లోనే కోస్తాను. అప్పటిదాకా ఎక్కడికీ వెళ్లకు, నెనితా. నువ్వంటే నాకు ఇష్టం.”

“చెప్పడానికి ఈ గొయ్యే దొరికిందా నీకు?” అంది, కళ్లు తుడుచుకుంటూ.

వరండాలోంచి మార్సెలో పిలిచాడు. “కోడికూర చల్లారిపోతోందే. ఆ కుర్రాణ్ణి కూడా బూట్లు విప్పి లోపలికి రమ్మను. కత్తి మాత్రం ట్రక్కులోనే ఉంచమను. ఇక మనకు దాంతో పనిలేదు.”