పసుపు కొస నార

నాగేరు పొంగి లంకలను ఊడ్చుకుపోయిన వరదకు మరుసటి ఏడు ఇది జరిగింది.

అప్పట్లో మొగలికోన చిన్న రాజ్యం. దానికి తల్లిబావి ఒక్కటే మంచినీళ్ళు. బిడ్డ పుడితే నాలుక మీద వేసేవి ఆ నీళ్ళే. మనిషి పోతుంటే గొంతులో పోసేవీ ఆ నీళ్ళే. ఆ బావికి ఒక కట్టుబాటు ఉంది. దాని చేంతాడు రాజుగారిది కాదు, పూజారిగారిది కాదు. ఏటా పంట చేతికొచ్చాక ప్రతి ఇంటివాళ్ళూ కాస్త గోగునార తెచ్చి ఇవ్వాలి. అన్నీ కలిపి పేనిన తాడుతోనే నీళ్ళు తోడాలి. మా చిన్నప్పుడూ అలాగే ఇచ్చేవాళ్ళం. అయితే నార అడగడం పెద్ద ఇళ్ళ నుంచి మొదలయ్యేది కాదు. ఊరి చివర లంకపేట నుంచి మొదలయ్యేది. ఎందుకో చెప్తాను, వినండి.

వరదలో కొంపలు పోయిన లంకవాళ్ళు మొగలికోనకు వచ్చి ఊరి చివర పాకలు వేసుకున్నారు. బావి కట్టుబాటు తెలుసుకుని వాళ్ళూ నార తెచ్చారు. అందరి తరఫునా సత్తెమ్మ అనే ఆవిడ తాడులో కలిపే పేట ఒకటి పేని, తమ అలవాటు ప్రకారం దాని కొసకు పసుపు రాసి తెచ్చింది. ఆ ఏడు పేటలు కలిపే వంతు రాజకుమారుడు మల్లభూపతిది. సత్తెమ్మ రెండు చేతులతో ఇస్తే అతడు ఒక చేత్తో అందుకున్నాడు.

ఆవిడ అటు వెళ్ళగానే మంత్రిగారి అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. “వరదకు కొట్టుకొచ్చిన చెత్తంతా మన బావిలో ముంచుతావా ఏంటి?” అని నవ్వి తన దారిన తాను పోయాడు. మల్లభూపతి కూడా నవ్వాడు. తరవాత చుట్టూ చూసి, ఆ పేటను తాడులో కలపకుండా నడికట్టులో దోపుకున్నాడు. దారిలో ఎక్కడైనా పారేద్దామనుకున్నాడు.

మర్నాడు కొత్త తాడుకు పూలు చుట్టి రాగి చేద దించారు. నిండిన చేద సగం దాకా వచ్చింది. తాడు పుటుక్కున తెగింది. చేద నీళ్ళలో పడిన చప్పుడు వినబడలేదు. తొంగిచూస్తే బావిలో నీళ్ళూ లేవు, చేదా లేదు. అడుగున మట్టి నోళ్ళు తెరుచుకుని ఉంది.

“లంకవాళ్ళది కుళ్ళిన నార! దాని వల్లే తెగింది!” అని ఎవరో అరిచారు. ఆ మాట ఊరంతా పట్టుకుంది. రాజు తీర్పు చెప్పాడు. అమావాస్యలోగా నీళ్ళు రాకపోతే లంకవాళ్ళు రాజ్యం వదిలి పోవాలి. ఎక్కడికి పోతారో రాజు చెప్పలేదు.

మల్లభూపతి నోరు తెరిచాడు. అందరూ అతని వైపు తిరిగారు.

“నేను వెళ్ళి నీళ్ళు తెస్తాను” అన్నాడు.

చెప్పవలసిన మాట అది కాదు. అతనికి తెలుసు. జనం మాత్రం జేజేలు కొట్టారు. రాజు కొడుకును కౌగిలించుకున్నాడు. నడికట్టులో నార పేట కడుపుకు గుచ్చుకుంది.

“తల్లిబావి ఊట నాగకొండ గుహలోని మడుగు నుంచి వస్తుంది బాబూ” అన్నాడు ముసలి పూజారి. “చేద అక్కడికే చేరి ఉంటుంది. దానితో నీళ్ళు తెచ్చి బావిలో పోయాలి.”

“నేనూ వస్తాను” అని ఒక పిల్ల ముందుకు వచ్చింది. సత్తెమ్మ కూతురు పైడి, మల్లభూపతి ఈడుదే. “తెగిన కొస చేదకే కదా ఉంటాది? అందులో మా అమ్మ నార ఎలాగుందో నా కళ్ళతో చూస్తాను. కుళ్ళితే ఎవరూ పొమ్మనక్కర్లేదు, మేమే పోతాం.”

 రాజకుమారుడికి వద్దనడానికి సాకు దొరకలేదు. వెతకబోయేది దొరకాలని మొక్కుకోవాలో, దొరకకూడదని మొక్కుకోవాలో తెలియకుండానే బయలుదేరాడు.

అడవి దాటగానే ఇరుకు కనుమ వచ్చింది. దానికి అడ్డంగా ఒక రాక్షసుడు కూర్చుని గావుకేకలు పెడుతున్నాడు. కొండంత జుట్టు రేగుముళ్ళలో చిక్కుకుపోయింది.

“చిక్కు తీస్తే దారి ఇస్తా! ఒక్క వెంట్రుక తెగిందో, ఇద్దరినీ నమిలేస్తా!” అన్నాడు.

మల్లభూపతి కత్తి మీద చెయ్యి వేశాడు. “కత్తెందుకు దొరా, ఇదేం యుద్ధమా?” అంది పైడి. రాక్షసుడి వెనక చతికిలబడి కొసల నుంచి ఒక్కో పాయా విడదీసింది. “కదలకు మావా! ఇంత ఒళ్ళు పెంచావు, చంటిపిల్లాడిలా ఏడుస్తావేంటి?” అని గదమాయించింది.

పొద్దు వాలేసరికి జుట్టు జలపాతంలా జారింది. రాక్షసుడు కన్నీళ్ళు తుడుచుకుని, రాలిన వెంట్రుకల కట్ట తీసి మల్లభూపతి చేతిలో పెట్టాడు. “రాజు బిడ్డవంటే నువ్వేనయ్యా! ఇంత మంచి మనసు ఎక్కడుంటుంది? ఇది తెగని జుట్టు, తాడు పేనుకో” అన్నాడు.

“తీసింది ఆ పిల్ల” అనాలి. మల్లభూపతి తల ఊపి కట్ట తీసుకున్నాడు. పైడి ముళ్ళు గీరుకున్న వేళ్ళను నోట్లో పెట్టుకుని నడిచింది.

తరవాత అడుగు కనబడని లోయ అడ్డం వచ్చింది. దాని అంచున గండభేరుండం వాలి ఉంది. రెండు తలలూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి.

“ఎక్కండమ్మా, దాటిస్తాను” అంది కుడి తల.

“ఆగు!” అంది ఎడమ తల, మల్లభూపతిని వాసన చూసి. “ఈ అబ్బాయి దగ్గర ఏదో కుళ్ళింది. నా వీపు మీద కుళ్ళు ఎక్కనివ్వను.”

“నీ ముక్కే కుళ్ళింది. పోనీలే, పసివాడు.”

“ఏం దాచావు బాబూ?” అంది ఎడమ తల.

పైడి కూడా అతని వైపు చూసింది.  “అటుకుల మూట పాచిపోయినట్టుంది” అన్నాడు మల్లభూపతి.

“అయితే లోయలో పారెయ్.”

అది ఇద్దరికీ ఉన్న తిండి అంతా. అతడు పారేశాడు. ఎడమ తల ఇంకా ముక్కు చిట్లిస్తూనే ఉంది. కుడి తల తొందరపెట్టి ఎగిరించింది.

అవతలి ఒడ్డున ఆకలికి కాళ్ళు తడబడ్డాయి. “పొద్దున తిన్నప్పుడు బాగానే ఉన్నాయే, ఎలా పాచిపోయాయో” అంది పైడి. ఆ మాటలో అనుమానం లేదు. అందుకే అతనికి ఇంకా ఎక్కువ తగిలింది. ఆమె కొంగు ముడి విప్పి చిన్న బెల్లం ముక్క తీసింది. పంటితో కొరికి పెద్ద సగం అతనికి ఇచ్చింది. అంత తియ్యటిది మింగడానికి అతడు అంత కష్టపడటం అదే మొదలు.

నాగకొండ గుహలో చీకటిగా, చల్లగా ఉంది. లోతైన గుంట అడుగున నీళ్ళు. నీళ్ళ ఒడ్డున రాగి చేద తళుక్కుమంది. దాని పక్కన ముసలి తెల్లనాగు చుట్ట చుట్టుకుని ఉంది.

“నీళ్ళను ఎందుకు ఎత్తుకొచ్చావు?” అని గద్దించాడు మల్లభూపతి.

“నేను ఎత్తుకురాలేదు నాయనా” అంది నాగు. “తలవంచుకుని వాటంతట అవే వచ్చాయి. ఎందుకని అడిగితే చెప్పవు. దిగకు, దిగితే ఇంకా లోపలికి పోతాయి. పై నుంచే తోడుకో.”

పైడి రాక్షసుడి జుట్టును తాడుగా పేనింది. కొసకు వంకర కొమ్మ కట్టి దించారు. తాడు చేద దాకా చేరలేదు. మల్లభూపతి తలపాగా విప్పి ముడి వేశాడు. పైడి తన పైట చెంగు చింపి కలిపింది. ఇంకా ఒక బారెడు చాలలేదు.

“గుహ బయట తీగ ఒక్కటైనా లేదు” అంది పైడి. “రేపే అమావాస్య. అయిపోయింది దొరా. అమ్మ ఆ పాకకు మొన్ననే కొత్త తాటాకు కప్పింది.” మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

మల్లభూపతి చెయ్యి నడికట్టు మీదికి పోయింది. ఆగింది. మళ్ళీ పోయింది. నార పేట బయటికి తీసి ఆమె ముందు పెట్టాడు.

పైడి పసుపు కొసను వేళ్ళతో తడిమింది.

“ఇది మా అమ్మ నార.”

“అవును.”

“నీ దగ్గరెందుకుంది?”

అతడు చెప్పాడు. మంత్రిగారి అబ్బాయి ముక్కు మూసుకున్న సంగతి, తాను నవ్విన సంగతి, అటుకుల సంగతి, రాక్షసుడి మెప్పు సంగతి. చెబుతున్నంతసేపూ నేల చూశాడు.

పైడి నార పేటను తాడు కొస పక్కన పెట్టింది. “ముందు చేద లాగు. తిట్టడానికి దారంతా ఉంది” అంది.

పసుపు కొస నార ముడి వేస్తే తాడు సరిపోయింది. చేద నిండుగా పైకి వచ్చింది. తిరుగుదారిలో పైడి ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండునని దారి పొడుగునా అనుకున్నాడు అతడు.

మొగలికోనలో డప్పులు మోగాయి. బావిలో చేద ఒంపగానే అడుగున బుడబుడమంది. చూస్తుండగానే నీళ్ళు బావి సగానికి ఎక్కాయి. రాజు ఆనందం పట్టలేకపోయాడు. “రేపు ఉదయమే మా అబ్బాయికి యువరాజ పట్టాభిషేకం! తప్పు చేసిన లంకవాళ్ళను కూడా నా కొడుకు మొహం చూసి క్షమిస్తున్నాను!” అన్నాడు.

లంకవాళ్ళు దండం పెట్టారు. సత్తెమ్మ కూడా పెట్టింది. పైడి మల్లభూపతిని చూసింది.

“క్షమించాల్సింది వాళ్ళను కాదు నాన్నగారూ” అన్నాడు అతడు.   చేదకున్న తెగిన కొస విప్పి చూపించాడు. అందులో పసుపు లేదు. తన చేతిలోని పేట చూపించాడు. దానికి ఉంది. “నేనే తీసేశాను. తెగాక కూడా చెప్పలేదు.”

డప్పులు ఆగిపోయాయి. రాజు తల దించుకున్నాడు. కుళ్ళిన నార అని అరిచినవాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కారు. మంత్రిగారి అబ్బాయి తన చెప్పులు చూసుకున్నాడు. సత్తెమ్మ లేచి, కడవ నింపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళింది. లంకవాళ్ళందరూ ఆమె వెనకే వెళ్ళారు.

మల్లభూపతి తరవాత రాజయ్యాడు. పైడిని పెళ్ళి చేసుకోవడానికి ఆమె ఒప్పుకునేదాకా ఏళ్ళ తరబడి ఆగాడు. మంచి రాజనే చెప్పుకున్నారు. కానీ అదంతా తరవాతి మాట.

ఆ మర్నాడు ఉదయం కోటలో కిరీటం పళ్ళెంలో ఉండిపోయింది. మల్లభూపతి చెప్పులు లేకుండా లంకపేటకు నడిచి, సత్తెమ్మ గుమ్మం ముందు నిలబడి రెండు చేతులూ చాపాడు.

“బావికి కొత్త తాడు పేనాలమ్మా. మొదటి నార మీ ఇంటి నుంచి పెడతారా?”

సత్తెమ్మ అతణ్ణి పైనుంచి కింద దాకా చూసింది. “సిద్ధంగా లేదు బాబూ. ఉన్నది ఒకసారి ఇచ్చేశాం” అంది. “కట్టెలు ఆ కుంటలో నానుతున్నాయి.”

గోగు కట్టెలు నానిన కుంట కంపు ఊరి పొలిమేర దాకా కొడుతుంది. మల్లభూపతి ముక్కు మూసుకోలేదు. పంచె ఎగగట్టి మొలలోతు నల్లనీళ్ళలోకి దిగాడు. ఒక కట్టె తీసి ఒలవడం మొదలుపెట్టాడు.

“కొస నుంచి కాదు” అంది గట్టు మీద నుంచి పైడి. “మొదట్నుంచి ఒలవాలి.”

అతడు కట్టెను తిరగేసి, మొదట్నుంచి ఒలిచాడు.