అవ్వ బావికి రెండో పరీక్ష

ట్యూబులోని ఎర్రటి ద్రవం ఉష కళ్లముందే నీలంగా మారింది.

"నీలం వచ్చింది! పిచ్చమ్మవ్వ బావి నీళ్లు చెడిపోయినాయి!" అని అరుస్తూ ఉష వీధిలోకి పరుగెత్తింది.

ఆ ట్యూబులు నెల్లూరు కాలేజీవాళ్లు తక్కువ ఖర్చుతో తయారుచేసి ఉష చదివే ఏడో తరగతికి ఇచ్చినవి. వాటిలోని ఎర్రటి ద్రవంలో కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులు ఉంటాయి. అందులో నీటిచుక్కలు వేయాలి. హానిచేసే లోహాలు ఉంటే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ద్రవం నీలమవుతుంది. "ఏ రంగు వచ్చినా ముందు నాకే చూపించండి" అని రెజీనా టీచర్ చెప్పారు. ఉష ఆగలేకపోయింది.

"సైంటిస్టమ్మ వచ్చింది, దారియ్యండి!" అని పక్కింటి వినోద్ వెక్కిరించాడు. కానీ బావికి బయల్దేరిన వాడి అమ్మ అప్పటికే బిందెతో వెనక్కి తిరిగింది.

పులికాట్ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. తియ్యటి నీళ్లున్నది అవ్వ పెరట్లోనే. మర్నాడు ఆదివారం పొద్దున ఉష అటు వెళ్లేసరికి బావి దగ్గర ఒక్క బిందె కూడా లేదు. చేద ఎండిపోయి ఉంది. అవ్వ గట్టు మీద ఒంటరిగా కూర్చుంది.

"అమ్మే ఉషా, నువ్వు పుట్టినప్పుడు నీకు ఈ నీళ్లే పోసినాను మే. విషం పోసినానా?" అంది అవ్వ.

ఉష వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది. అమ్మ చేపలు ఎండేస్తూ, "చేపల మీద చల్లే ఉప్పునీళ్ల సీసా ఏడబెట్టినావే? నిన్నట్నించీ ఎతకతా ఉండా" అంది.

నిన్న ఉష ఆ సీసానే ఒంపేసి, కడగకుండా బావినీళ్లు పట్టింది. "ఉప్పు తగిలినా నీలమే అవుతుంది, జాగ్రత్త" అని టీచర్ చెప్పడం ఇప్పుడు గుర్తొచ్చింది.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఊరుకుంటే ఎప్పటికీ తెలియదు.

కానీ ఇంకొకటి ఆమెను వదల్లేదు. నిన్న నీలం చూడగానే తనకు భయం వేయలేదు. సంతోషం వేసింది. ఊరంతా తనవైపు చూడాలని, నీలమే రావాలని తను కోరుకుంది.

టీచర్ చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి ఉష గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విని టీచర్ తిట్టలేదు. "ఇప్పుడేం చేస్తావు?" అన్నారు.

"అందరి ముందూ మళ్లీ చేస్తా టీచర్."

సాయంత్రం బావి చుట్టూ జనం చేరారు. ఉష గట్టు పక్కన నిలబడింది. "నిన్న నేను ఉప్పు సీసాలో నీళ్లు పట్టినాను. తప్పు నాది, బావిది కాదనుకుంటా. చూడండి."

ఒక ట్యూబులో కడగని ఉప్పు సీసాలో పట్టిన నీళ్లు వేసింది. ద్రవం నీలమైంది. తర్వాత బాగా కడిగిన సీసాతో చేదలోని నీళ్లు తీసుకుని ఇంకో ట్యూబులో వేసింది.

ఎరుపు. మళ్లీ చేసింది. మళ్లీ ఎరుపే!

"ఎర్రగానే ఉండాది!" వినోద్ ఈలవేశాడు. "అవ్వా, చేద ఇటియ్యి!"

బిందెలు గలగలా కదిలాయి. అవ్వ చేదతో నీళ్లు తోడి, మొదటి దోసిలి ఉషకే పోసింది. ఉష కడుపునిండా తాగింది. ముక్కులోకి పోయి దగ్గు వచ్చింది. అందరూ నవ్వారు, అవ్వ అందరికంటే గట్టిగా నవ్వింది.

మరుసటి వారం వినోద్ వాళ్లింటి ట్యాంకు నీళ్లను పరీక్షించే వంతు వచ్చింది. ట్యూబు నీలమైంది.

"నీలం!" అని వినోద్ వీధిలోకి ఉరకబోయాడు.

ఉష వాడి చొక్కా పట్టుకుని లాగి, సీసా చేతికిచ్చింది.

"ఉండరా. ముందు దీన్ని కడుక్కొని రా."