ఖాళీ అని చెప్పిన డిస్కు

మా కొట్టు నేలమాళిగలో ఉంటుంది. నేనూ, మా బావమరిదీ పాత కంప్యూటర్ల హార్డ్ డిస్కులు బాగుచేస్తాం. ఆ సాయంత్రం వాన పడుతోంది. గోడల చెమ్మ వాసనా, కాలిన టంకం వాసనా కలిసి గది బరువుగా ఉంది.

ముందుగదిలో బెంచీ మీద ఒకావిడ ఎదురుచూస్తోంది. పొద్దున తన డిస్కు ఇచ్చి వెళ్లింది. అందులో ఆవిడ పసిబిడ్డ గొంతు ఉంది. ఆ బిడ్డ మాటలు రాకముందే పోయింది. మిగిలింది ‘ఉంగా ఉంగా’ ఒక్కటే. అది కూడా ఆ డిస్కులో తప్ప ఎక్కడా లేదు.

అలాంటి డిస్కులు రెండు రకాలు. పెట్టె ఒకటే, బరువు ఒకటే, మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం తేడా. ఒకదాని మీద సమాచారం ఎడం ఎడంగా రాస్తారు, రెండోదాని మీద ఇరికించి రాస్తారు. ఆ రాత చదివే కార్డు దేనిది దానికే. కార్డు మారిస్తే దానికి ఆ రాత అర్థం కాదు. డిస్కు ఖాళీ అంటుంది. అందుకే చివరి అక్షరం పైకి చదివాకే తీగ తగిలించాలని మా కొట్టు నియమం. మావాడికి అది నవ్వులాట. “కవలపిల్లలకి వేరే వేరే ఉగ్గుగిన్నెలెందుకు బావా?” అనేవాడు.

నేను లోపలికి వెళ్లేసరికి వాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. కార్డు చూశాను. ఇరుకు రాతది. ఆవిడ డిస్కేమో ఎడం రాతది. కార్డు ఖాళీ అనగానే నమ్మేసి, వీడు ఫార్మాట్ కొట్టేశాడు. బిడ్డ గొంతు తుడిచిపెట్టుకుపోయింది.

వెళ్లి నిజం చెప్పమన్నాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“తెచ్చేటప్పటికే పాడైందని చెబుదాం బావా. ఆవిడకేం తెలుస్తుంది?”

తప్పు చేసినవాణ్ణి మన్నించవచ్చు. కన్నతల్లి ముందు బొంకేవాణ్ణి మన్నించకూడదు. వాణ్ణి రెక్క పట్టుకుని ముందుగదిలోకి తీసుకెళ్లాను. తీగలన్నీ ఊడదీసిన డిస్కు ఆవిడ ఒళ్లో పెట్టాను.

వాడు గొంతు సవరించుకున్నాడు. నా వైపు చూడలేదు.

“మీరు తెచ్చేటప్పటికే, అమ్మా, అది...”

ఆవిడ ఒళ్లో డిస్కు తిరగడం మొదలుపెట్టింది.

సన్నటి రొద. కరెంటు లేదు. తీగ లేదు. అయినా తిరుగుతోంది... ఎక్కడినుంచో పచ్చిపాల వాసన వచ్చింది. వాన చప్పుడు వినిపించడం మానేసింది.

“అమ్మా... ఈయన చెప్పడు. నేను చెప్పనా?”

పసి గొంతు. మాటలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

ఆవిడ బెదరలేదు. బిడ్డ వీపు నిమిరినట్టు ఆ ఇనుప పెట్టెను నిమిరింది.

“మాటలొచ్చాయా తల్లీ,” అంది మెల్లగా. “ఎవరిచ్చారు?”

రొద ఆగింది. ఆవిడ డిస్కును గుండెకు హత్తుకుని, మమ్మల్ని ఏమీ అడగకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది.

మావాడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. భుజం పట్టి కుదిపాను.

“ఒరేయ్... ఏదైనా మాట్లాడరా.”

నోరు తెరిచాడు. పెదవులు కదిపాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి...

“ఉంగా...”