మునిగిన ఓడలో కాపలా

సముద్రంలో మునిగిన ఆ యుద్ధనౌక దగ్గరికి వెళ్లినవాళ్లు తిరిగి రారని కాదు. వస్తారు. కాకపోతే చేతిలో ఏమీ ఉండదు, ఏం చూశారని అడిగితే చెప్పరు. ఆ వైపు జాలర్లు వల కూడా వెయ్యరు.

ఇది నాకు మా పళ్ల డాక్టరు చెప్పాడు. నా నోరు తెరిపించి, అందులో రెండు చేతులూ పెట్టి మరీ చెప్పాడు కాబట్టి మధ్యలో అడ్డుపడే వీల్లేకపోయింది.

సెలవు దొరికితే చాలు, ఆయన వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, బామ్మర్దిని వెంటేసుకుని, పాత యుద్ధాల సామాను కోసం సముద్రంలో దూకుతాడు. అదో పిచ్చి. ఇన్నేళ్లకి దొరికింది ఒక్క బొత్తాం. అదీ ఆయన చొక్కాదేనని వాళ్లావిడ అంటుంది.

ఆ రోజు బామ్మర్ది ఓడ వెనక్కి వెళ్లాడు, ఈయన ఒక్కడే లోపలికి దూరాడు. పైన మిట్టమధ్యాహ్నం... లోపల చిమ్మచీకటి. టార్చి వేశాడు —

తలుపు దగ్గర ఒక సిపాయి. యూనిఫాం, టోపీ, భుజాన తుపాకీ. పోయి ఎన్నేళ్లయిందో గానీ, పళ్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయట.

"డ్యూటీ మారడానికి వచ్చింది మీరేనా?" అన్నాడు మెల్లగా.

డాక్టరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ కళ్లు తుపాకీ మీదున్నాయి. ఆశ చూశారూ... తలూపేశాడు.

సిపాయి తుపాకీ ఆయన చేతిలో పెట్టి, సెల్యూట్ కొట్టి, "హమ్మయ్య" అంటూ పైకి తేలిపోయాడు.

అంతే — డాక్టరు కాళ్లు కదలవు. తుపాకీ వదుల్దామంటే వేళ్లు విడిపోవు. చూస్తే సిలిండర్లో గాలి అయిపోవస్తోంది...

అప్పుడొచ్చాడు బామ్మర్ది. తుపాకీ కనపడగానే చెయ్యి చాపాడు. ఇవ్వకపోతే తన ప్రాణం పోతుంది. ఇస్తే వాడిది.

"ఇచ్చేశానండీ" అన్నాడు డాక్టరు, నా నోట్లో చేతులు అలాగే ఆపేసి. "సిగ్గులేకుండా ఇచ్చేశాను."

పైకొచ్చి పడవెక్కాడు. వాళ్లావిడ నారింజపండు ఒలుచుకుంటోంది. "తమ్ముడేడీ?" అంది. కూలబడి ఏడ్చేశాడు.

ఇంతలో నీళ్లలోంచి బామ్మర్ది తల లేచింది. చేతులు ఖాళీ.

"ఎవడో సిపాయి వచ్చి తుపాకీ లాక్కున్నాడు బావా" అన్నాడు. "నా చోట నువ్వెవడివి నిలబడ్డానికి అన్నాడు."

"ఓ, ఆయనా" అంది ఆవిడ, పండు తింటూ. "ఇందాక పడవ అంచు పట్టుకుని, యుద్ధం ఎవరు గెలిచారండీ అని అడిగాడు. మీరెటువైపు అన్నాను. పాపం, చాలాసేపు ఆలోచించాడు."

"తర్వాత...?"

"గుర్తులేదట. కింద ఇంకా చాలామంది ఉన్నారట. అందర్నీ తీసుకొస్తాను, కాస్త ఆగండి అన్నాడు."