మాస్టారి అరగంట

కాలేజీలో అందరూ ఆయన్ని కొలతల మాస్టారనేవాళ్లు. పరిశోధన వ్యాసం చేతికిస్తే చాలు, మనిషి రాసిందో ఏఐ రాసిందో ఇట్టే చెప్పేస్తాడని పేరు. ఏఐ వాక్యాలన్నీ ఒకే పొడవుంటాయట, నామవాచకాలు కుక్కి కుక్కి పెడుతుందట. మనిషైతే తడబడతాడు, 'బహుశా' అంటాడు, మధ్యలో మాట మార్చేస్తాడు. అనుమానం వస్తే విద్యార్థిని పాత పుస్తకాల గదిలో పెట్టి తాళం వేస్తాడు. అరగంటలో ఒక పేజీ చేత్తో రాయాలి. దాన్ని వ్యాసంతో పోల్చి తీర్పు చెబుతాడు. అబ్బో, తాళంచెవి తిప్పుకుంటూ నడిచే ఆ దర్జా చూడాలి!

నిరుడు ఆ గదిలో ఆయాసం ఉన్న పిల్లొకతె కూర్చుంది.

"సార్, ఊపిరాడట్లేదు... తలుపు తీయండి."

"నాటకాలాడకు. అరగంట కానివ్వు," అన్నాడీయన టీ తాగుతూ.

తీసేసరికి ప్రాణం పోయింది. ఆమె రాసిన పేజీ వ్యాసంతో సరిగ్గా సరిపోయింది. పాపం, తనే రాసుకుంది. మాస్టారు ఆ పేజీని ముక్కలుగా చింపేసి, ఫైల్లో మాత్రం 'ఏఐ రాసినది' అని సంతకం పెట్టాడు. సిగ్గులేని మనిషి!

ఇవాళ ఆయన కూతురి వంతు. "నిబంధన మీరు పెట్టిందే కదా," అన్నారు పైవాళ్లు. తేడా వస్తే పిల్ల నాలుగేళ్ల కష్టం మట్టిగొట్టుకుపోతుంది.

"భయపడకమ్మా. నీకు వచ్చినట్టు రాయి."

"సరే నాన్నా."

మధ్యాహ్నం మూడయింది. వరండా నిండా ఎండ. తలుపు సందులోంచి పాత కాగితాలు ముక్కిపోయిన వాసన. లోపల కలం గరగరమంటోంది. కాసేపటికి ఇంకో కలం కూడా...

రెండు కలాలు.

తలుపు కిందనుంచి ఒక కాగితం జారుకుంటూ వచ్చింది. నిరుడు ఆయన చింపేసిన పేజీ. ఎక్కడా చిరుగు లేదు.

గబగబా తాళం తీశాడు. కూతురు నవ్వుతూ బయటికొచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆమె ఆయన చేతిలోని తాళంచెవి లాక్కుని, తలుపు మూసి తాళం వేసింది. రొప్పుతోంది... కూతురికి ఏనాడూ ఆయాసం లేదు.

"పదమ్మా... ఇంటికెళ్దాం."

లోపలినుంచి ఎవరో తలుపు బాదారు.

"నాన్నా... ఊపిరాడట్లేదు... తలుపు తీయి!"

కూతురి గొంతే. ఆయన తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. ఎదురుగా ఉన్న పిల్ల గుప్పిట బిగించింది.

"ఆగండి సార్. నాటకాలాడుతోంది. అరగంట కానివ్వండి."